శివారు మడికి నీళ్లెప్పుడు?

జీతాలు ఆపే జీవోలు రాసే పెద్దలకు,

నమస్కారం. నేను కోనసీమలో మండల పరిషత్ ఆఫీసుల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. సర్వీసులో ఉండగా ఇలాంటి ఉత్తరం రాస్తే పొద్దున్నే టేబుల్ మీద మెమో ఉండేది. ఇప్పుడు ఆ భయం లేదు. రాయాలనుకుని మానుకున్న మాటలు కొన్ని ఉండిపోయాయి.

2020 మార్చి 31 నాకు బాగా గుర్తు. లాక్‌డౌన్ మొదలై వారం. జీతాల బిల్లులు సర్కారు ఆన్‌లైన్ చెల్లింపుల విధానం సీఎఫ్‌ఎంఎస్‌లో పెట్టేసి, ఈ నెలకి గండం గడిచింది అనుకుంటున్నాం. రాత్రి వాట్సాప్‌లో జీవో కాపీ వచ్చింది. నంబర్ 26. ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, స్థానిక సంస్థల ప్రజాప్రతినిధులకు జీతం మొత్తం వాయిదా. ఐఏఎస్, ఐపీఎస్, ఐఎఫ్‌ఎస్ వాళ్లకు 60 శాతం. మిగతా ఉద్యోగులందరికీ 50. నాలుగో తరగతి వాళ్లకు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు, గ్రామ, వార్డు సచివాలయాల వాళ్లకు 10. పింఛన్లలోనూ కొంత ఆగింది.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఖజానాలో డబ్బు లేదన్న మాట అబద్ధమని నేను అనను. మద్యం షాపులు మూతపడ్డాయి, రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి, పెట్రోలు బంకుల్లో కుర్రాళ్లు ఈగలు తోలుకుంటున్నారు. అలాంటి నెలలో కూడా ఒకటో తారీఖున ముసలివాళ్ల పింఛను ఇంటికెళ్లింది. తర్వాత రేషన్ కార్డున్న కుటుంబాలకు వెయ్యి రూపాయలు అందాయి. అది పంచిన పిల్లలు మా మండలం పిల్లలే, ఎవరికెంత చేరిందో నాకు తెలుసు. తిండికి లేని వాడికి ముందు పెట్టి, మమ్మల్ని కొన్నాళ్లు ఆగమంటే తప్పు పట్టేంత దొరతనం మాకు లేదు. నా బాధ ఆపినందుకు కాదు. ఎవరికి ఎంత ఆపాలో ఒక్క రాత్రిలో గీత గీసేశారు. ఆ గీత ఎవరి మీద నుంచి పోతుందో వెనక్కి తిరిగి చూడలేదు.

మా ఆఫీసులో చాలా ఏళ్ల సర్వీసున్న అటెండరు ఒకాయన ఉండేవాడు. అన్నీ కలిపి నెలకి 30 వేలకు అటూ ఇటూ వచ్చేది. పది శాతం ఆపితే 27 వేలు చేతికొచ్చాయి. ఆయనకి ఎదురు బల్ల దగ్గర కారుణ్య నియామకంలో చేరిన జూనియర్ అసిస్టెంటు కుర్రాడు. తండ్రి పోతే వచ్చిన ఉద్యోగం. ఇంట్లో తల్లి, చదువుకునే చెల్లెలు. జీతం 28 వేల చిల్లర. సగం ఆపితే 14 వేలు. అటెండరు ఆ కుర్రాడి దగ్గరికెళ్లి, "బాబూ, బియ్యమేమైనా కావాలంటే చెప్పు, మొహమాటపడకు" అన్నాడు. ఆ కుర్రాడు నవ్వేశాడు గానీ, ఆ పూట భోజనానికి బయటికి వెళ్లలేదు. ఇదే 50 శాతం గీత లక్ష రూపాయలు తీసుకునే అధికారి మీద నుంచీ పోయింది. ఆయనకు 50 వేలు మిగిలాయి. ఆ నెలలో బట్టల కొట్టు లేదు, హోటల్ లేదు, పెళ్లిళ్లు లేవు, ఆ 50 వేలు ఖర్చు పెట్టాలన్నా దారి లేదు. కుర్రాడికి మాత్రం ఇంటద్దె, గ్యాసు, అమ్మ బీపీ మందులు ఎప్పట్లాగే ఉన్నాయి.

తరగతిని బట్టి గీత గీస్తే ఇలాగే అవుతుంది. చేతికొచ్చే రూపాయిని బట్టి గీస్తే అవదు. ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. అవే రోజుల్లో మహారాష్ట్రలో ఏ, బీ తరగతుల వాళ్లకు 50 శాతం, సీ తరగతికి 25 శాతం ఆపి, డీ తరగతిని వదిలేశారు. మధ్యలో ఒక మెట్టయినా ఉంది. కేరళలో నెలకి ఆరు రోజుల జీతం చొప్పున ఐదు నెలలు ఆపుతామంటూనే, 20 వేల లోపు జీతగాళ్ల జోలికి పోలేదు. అక్కడ హైకోర్టు అడ్డుపడితే ఆర్డినెన్స్ తెచ్చుకున్నారు. అది వేరే కథ. ముట్టుకోకూడని మొత్తం ఒకటి ఉంటుందని వాళ్లకు తట్టింది, నాకు కావలసింది ఆ ఆలోచన.

మా నాన్న మధ్య డెల్టాలో ఒక కాలవ మీద లస్కరుగా, అంటే తూములు ఎత్తి దించి నీళ్లు చూసే పనివాడిగా చేశారు. కరువులో పంచడం ఎలాగో నాకు తెలిసిందంతా ఆయన దగ్గర విన్నదే. గోదావరి డెల్టాలో పది లక్షల ఎకరాలుంటే, వానాకాలం పంట సార్వాకి నీళ్ల బెంగ ఉండదు, గోదారే పొంగి వస్తుంది. తంటా అంతా రెండో పంట దాళ్వాకి. గోదాట్లో ధార సన్నబడుతుంది, సీలేరు నుంచి వదిలే నీళ్ల కోసం ఎదురుచూడాలి. తక్కువ పడ్డ ఏడాది వంతులు పెడతారు. ఈ కాలవకి ఇన్ని రోజులు, ఆ కాలవకి ఇన్ని రోజులు. వినడానికి ఇదీ సమానంగానే ఉంటుంది. కానీ కాలవ చివరనుండే శివారు పొలాల గురించి నాన్న అనేవారు: "ఎగువోడికి సగం తగ్గిస్తే చేను కాస్త వాడుతుంది, మళ్లీ తేరుకుంటుంది. శివారోడికి సగం తగ్గిస్తే చుక్క చేరదమ్మా. మామూలు రోజుల్లోనే వాడికొచ్చేది సగం." అందుకని వంతు వచ్చిన రాత్రి ఎగువ తూములు మూయించి, ముందు శివారు తడిసేదాకా టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరిగేవారు. ఎగువ ఊళ్లో ఆసాములు నాన్నని తిట్టిన తిట్లు నేనూ విన్నాను. మూసిన తూము అర్ధరాత్రి ఎవరో ఎత్తేస్తే తెల్లారేసరికి మళ్లీ వెళ్లి దించేవారు.

ఇంకో సంగతి కూడా ఉంది. దాళ్వాకి ఎన్ని ఎకరాలకి నీళ్లివ్వాలో, కాలవలు ఎప్పుడు కట్టేయాలో నీళ్లు తగ్గాక తేల్చరు. నాట్లకి ముందే ఐఏబీ, అంటే నీటిపారుదల సలహా మండలి మీటింగు పెడతారు. ఇరిగేషన్ ఇంజనీర్లు, కలెక్టరు, ప్రజాప్రతినిధులు, రైతులు ఒకే హాల్లో కూర్చుంటారు. అరుపులుంటాయి, వాకౌట్లుంటాయి. అయినా మీటింగు అయ్యేసరికి తేదీ చెప్పి లేస్తారు. రైతు ఆ తేదీని నమ్మి విత్తనం కట్టుకుంటాడు. మా జీతాలకి ఆ మాత్రం తేదీ ఎవరూ చెప్పలేదు. వాయిదా అన్నారు సరే, ఎప్పటిదాకా? జీవోలో లేదు. ఆ నెలలో మాకు పట్టుకున్న టెన్షన్‌లో సగం ఆ తేదీ లేకపోవడం వల్లే.

నాకు 48 వేలొచ్చేవి. 24 వేలు పడ్డాయి. ఇంటి లోనుంది. రిజర్వ్ బ్యాంకు మార్చి 27న కిస్తీలకు మూడు నెలల మారటోరియం ఇచ్చింది, తర్వాత ఆగస్టు ఆఖరు దాకా పెంచింది. హమ్మయ్య అనుకుని కిస్తీ ఆపాను. బ్యాంకులో అడిగితే గుమస్తా చక్కగా చెప్పాడు, "ఆగిన కిస్తీకి వడ్డీ ఆగదు మేడమ్, లెక్కలోకి వస్తూనే ఉంటుంది" అని. వడ్డీ మీద వడ్డీ మాత్రం తర్వాత తిరిగిచ్చారు. అంటే నేను బ్యాంకుకి కట్టాల్సింది ఆలస్యమైతే వడ్డీ, సర్కారు నాకు ఇవ్వాల్సింది ఆలస్యమైతే వడ్డీ లేదు. మా ఊళ్లో నూటికి రెండు తిప్పే శెట్టిగారు కూడా ఇలా ఒంటికన్నుతో లెక్క చూడడు.

ఈ లెక్కని సరిచేసింది కోర్టు. అదీ మేం వేసిన కేసు కాదు. ఒక విశ్రాంత జిల్లా జడ్జి ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2020 ఆగస్టు 11న మన హైకోర్టు ఆపిన జీతాలు, పింఛన్లు 12 శాతం వడ్డీతో ఇవ్వమంది. రాష్ట్రం సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు, చేసిన పనికి జీతం ఉద్యోగికి రావాల్సిందేనని చెప్పి, మహమ్మారి కష్టం చూసి వడ్డీని 6 శాతానికి దించింది. మీకు శిక్షగా కాదు, బ్యాంకు వడ్డీతో పోల్చి ఆ రేటు పెట్టింది. నా వరకు లెక్కేస్తే ఆ వడ్డీ రెండు వేలకు అటూ ఇటూ. ఆ రెండు వేల కోసం రాష్ట్రం ఢిల్లీ దాకా వెళ్లిందంటే, సంఘాల మీటింగుల్లో మేం నవ్వుకున్న మాట నిజం. అందరివీ కలిపితే చిన్న మొత్తం కాదని నాకూ తెలుసు. అయినా మొదటి జీవోలోనే "ఫలానా నెలలో, ఫలానా వడ్డీతో" అని ఒక్క వాక్యం రాసి ఉంటే కోర్టు మెట్లు ఎవరూ ఎక్కేవారు కాదు.

హైకోర్టు తీర్పు వచ్చిన వారానికే గోదారి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. లంకలన్నీ మునిగాయి. కోవిడ్ కేసుల్లో అప్పటికి మన ఉమ్మడి తూర్పు గోదావరి రాష్ట్రంలో ముందున్న జిల్లాల్లో ఉంది, చివరికి మొదటి స్థానమూ మనదే అయింది. ఒక చేత్తో మాస్కు, ఒక చేత్తో పడవ తాడు. ఇప్పుడు చెప్పబోయేది అప్పుడు ఒక లంక గ్రామ సచివాలయంలో పనిచేసిన అమ్మాయి గురించి. పేరు రాయను, ఆ పిల్ల ఇంకా సర్వీసులో ఉంది.

2019 అక్టోబరులో చేరింది. డిగ్రీ అయిపోయి మూడేళ్లు పోటీ పరీక్షలు రాసి తెచ్చుకున్న ఉద్యోగం. ప్రొబేషన్ రెండేళ్లు, నెలకి 15 వేలు. చేరి ఆరు నెలలు కాకుండానే కరోనా. మీకు తెలుసో లేదో, కోనసీమలో వీధికో ఇంటి నుంచి ఎవరో ఒకరు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. మార్చిలో ఎవరెవరు దిగారు, ఏ ఇంట్లో ఉన్నారు, దగ్గుందా జ్వరముందా అని ఇంటింటికీ వెళ్లి రాసుకొచ్చింది ఈ పిల్ల, ఆశా కార్యకర్త, నెలకి ఐదు వేల గౌరవ వేతనం మీద పనిచేసే వాలంటీరు. ఒక ఇంట్లో తలుపు మొహాన వేశారు. ఒక ఇంట్లో మంచినీళ్లిచ్చి ఏడ్చారు. తర్వాత జూనియర్ కాలేజీలో పెట్టిన క్వారంటైన్‌కి భోజనం ప్యాకెట్లు. ఆగస్టులో వరద. రేవు దాటించే పంటు ఆగిపోతే నాటు పడవ మీద బియ్యం బస్తాల పక్కన కూర్చుని వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు, ఆ వేసవిలో సెకండ్ వేవ్. మా మండలంలో ఆ సెకండ్ వేవ్‌లో పోయినవాళ్ల గురించి ఇక్కడ రాయను, రాస్తే ఈ ఉత్తరం ఆగిపోతుంది.

మొదటి జీవోలో ఈ పిల్లకి ఆపింది 1,500. వైద్య సిబ్బందికి, పోలీసులకి, పారిశుధ్య కార్మికులకి కొద్దిరోజుల్లోనే పూర్తి జీతం ఇస్తామని సవరించారు, మంచిపని. కానీ వాళ్ల వెనకే ఇల్లిల్లూ తిరిగిన సచివాలయం పిల్లలు ఆ సవరణలో లేరు. 1,500 పెద్ద మొత్తమా అంటారా? 15 వేలల్లో పెద్ద మొత్తమే. అయినా దాన్ని ఆ పిల్ల పట్టించుకోలేదు, తిరిగొస్తుందిలే అంది.

పట్టించుకున్నది వేరే. 2021 అక్టోబరుకి రెండేళ్లు నిండాయి. ప్రొబేషన్ ఖరారై స్కేలు రావాలి. రాలేదు. శాఖాపరమైన పరీక్షలన్నారు, ఫైళ్లన్నారు. 2022 జనవరిలో పీఆర్సీ, అంటే కొత్త వేతన సవరణ ప్రకటిస్తూ జూన్ 30 లోగా ఖరారు చేస్తామని, జూలై నుంచి కొత్త జీతమని చెప్పారు. ఆ తొమ్మిది నెలలు వాళ్లు పాత 15 వేల దగ్గరే ఉండిపోయారు. లక్ష మందికి పైగా పిల్లలు. దీనికి వాయిదా అని పేరు లేదు, కోత అని పేరు లేదు, శాతం లేదు. పేరే లేని దాని మీద కోర్టుకి వెళ్లి ఏం అడుగుతారు?

కరువు భత్యం, అదే డీఏ సంగతీ ఇలాంటిదే. మా వీధి పోస్ట్‌మాన్ కేంద్ర ఉద్యోగి. ఆయన జీతం ఒక్క రూపాయి ఆగలేదని మొదట్లో ఆయన్ని చూసి కుళ్లుకున్నాం. కేంద్రం 2020 ఏప్రిల్‌లో డీఏని 17 శాతం దగ్గర ఆపేసింది. 2020 జనవరి, జూలై, 2021 జనవరి, మూడు విడతలు. 2021 జూలైలో 28 శాతానికి పెంచారు గానీ మధ్యలో పోయిన 18 నెలల బకాయి ఇవ్వలేదు. ఆ రకంగా మిగిలింది 34,402 కోట్లని తర్వాత పార్లమెంటులో చెప్పారు. ఆ 18 నెలల్లో నూనె ధర ఎంత పెరిగిందో ఆ పోస్ట్‌మాన్ భార్యని అడగండి, కోట్లతో పనిలేకుండా చెబుతుంది. మాకు సగం జీతం ఆపినప్పుడు అందరూ చూశారు, పేపర్లో వచ్చింది, వడ్డీతో ఇవ్వమని కోర్టు చెప్పింది. ఆయనకి నెలకింతని కొంచెం కొంచెం పోయింది, తిరిగి రాలేదు. గండి పడితే ఊరంతా పరిగెత్తుతారు. గట్టు కింద ఊట పోతుంటే ఎవరికీ పట్టదు.

అందుకే చెబుతున్నాను, పెద్దలూ. వాయిదా అని మొహం మీద చెప్పి ఆపితే నాకు పెద్దగా కోపం లేదు. పేరు లేకుండా ఆపేదే శివారు వాళ్లని ముంచుతుంది. ఎందుకంటే ఏ స్కేలూ లేని వాడికి, ప్రొబేషన్‌లో ఉన్న వాడికి, ఏజెన్సీ పేరు మీద జీతం తీసుకునే వాడికే మీరు చప్పుడు లేకుండా ఆపగలరు. సీనియర్లని ఆపితే సంఘాలు లేస్తాయి. 2022 ఫిబ్రవరి 3న విజయవాడలో లేచింది చూశారుగా. 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్న చోట కొత్త జీతంలో కలిపే పెంపు 23 శాతం ఫిట్‌మెంట్ అనేసరికి బస్సులెక్కి, రైళ్లెక్కి, పోలీసులు ఆపిన చోట నడిచి వెళ్లాం. నేనూ వెళ్లాను. తర్వాత మాకు కొంత సర్దారు, ఇచ్చిన భృతి వెనక్కి తీసుకోబోమన్నారు. ఆ రోజు మా నినాదాల్లో ఈ పిల్లల ప్రొబేషన్ మాట ఎన్నో వరసలో ఉందో గుర్తుతెచ్చుకుంటే నాకు సిగ్గేస్తుంది. మా సంఘాల నాయకులు కూడా ఈ ఉత్తరం చదివితే మంచిదే.

ఇంకొకరి మాట కూడా రాయకపోతే అన్యాయం. మా పక్కింటమ్మాయి ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. 2020 ఏప్రిల్ నుంచి జీతం నిల్లు. ఆమె భర్త తోపుడు బండి మీద కొబ్బరిబోండాలు పెట్టాడు. నా సగం జీతం గురించి ఫోనులో ఎవరితోనో వాపోతుంటే గోడవతల నుంచి వినింది. "మీకు సగమైనా వచ్చింది కదక్కా" అంది. కుళ్లుతో అనలేదు, మామూలుగానే అంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఇప్పటికీ దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మా జీతం నిలబడితే బజారు కొంచెమైనా నిలబడుతుందని, ఆ బోండాలు కొనేది మాలాంటివాళ్లేనని చెప్పొచ్చు. అది నిజమే. ఆమె కళ్లలోకి చూస్తూ మాత్రం చెప్పలేం.

సరే, అడగదలచుకున్నది అడుగుతాను. మళ్లీ ఇలాంటిది రాదని ఎవరూ రాసివ్వలేరు. తుఫానో, రోగమో, ఖజానా ఖాళీయో, ఏదో ఒకటి వస్తుంది. వచ్చిన రాత్రి వాట్సాప్‌లో జీవో పంపకండి. ఐఏబీ లాగా ముందే కూర్చోండి, నీళ్లున్నప్పుడే. ఉద్యోగ సంఘాల్ని పిలవండి, కాంట్రాక్టు వాళ్లని, సచివాలయం పిల్లల్ని కూడా పిలవండి. ఎంత జీతం దాకా ముట్టుకోమో ఒక రూపాయి అంకె వేయండి. తరగతి పేరు చాలదు, మా ఆఫీసు కుర్రాడి సంగతి చూశారుగా. ఆ అంకె పైన మెట్లు మెట్లుగా పెంచండి, పైవాళ్ల మెట్టు పెద్దది చేయండి. ఎప్పుడు తిరిగిస్తారో, ఎంత వడ్డీతోనో అదే కాగితం మీద రాయండి. బయటికెళ్లి తిరగమని ఎవరికి చెబుతారో వాళ్లందర్నీ మొదటి జీవోలోనే మినహాయించండి, తర్వాత సవరణలో కాదు. పంచాయతీల్లో చెత్త ఎత్తే వాళ్లకి మామూలు రోజుల్లోనే నెలల తరబడి బకాయిలుంటాయి. వాళ్ల పాత బాకీ తీర్చకుండా కొత్తగా ఏదీ ఆపకండి. డీఏ ఆగినా, ప్రొబేషన్ ఆగినా, ఇంక్రిమెంటు ఆగినా, దాన్ని కూడా ఆపినట్టే రాసి, ఎంత ఆగిందో అంకె వేయండి. అంకె ఉంటే అడగడానికి ఆ పిల్లలకి ఒక కాగితమైనా ఉంటుంది.

మొన్న రేవు దగ్గర ఆ అమ్మాయి కనిపించింది. ఇప్పుడు వేరే ఊరి సచివాలయంలో చేస్తోంది, పెళ్లయింది, చేతిలో పిల్లాడు. పంటు వచ్చేలోగా పది నిమిషాలు మాట్లాడుకున్నాం. వరద, క్వారంటైన్, తలుపు మొహాన వేసిన ఇల్లు, అన్నీ నవ్వుకుంటూ చెప్పింది. పంటు ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "మేడమ్, మీకు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను బాగా తెలుసు కదా, ఆ తొమ్మిది నెలల అరియర్స్ ఎప్పటికైనా వస్తాయంటారా?" అని అడిగింది.

నాకు తెలియదన్నాను. మీరు చెప్పగలరేమోనని రాస్తున్నాను.

ఇట్లు,
మండల పరిషత్ రిటైర్డ్ సూపరింటెండెంటు,
కోనసీమ